ఫ్రిజ్ కంప్రెసర్‌తో కట్టిన గాలి మిషన్ పాలిష్‌కి చాలడం లేదు, ఎక్కడ తప్పు?

తెనాలి_టీకు
మాది తెనాలి దగ్గర చిన్న తలుపుల షెడ్డు. నేనూ మా తమ్ముడూ ఇద్దరమే. ఇన్నాళ్ళూ పాలిష్ గుడ్డతోనే రుద్దేవాళ్ళం, ఇప్పుడు వచ్చే పార్టీలందరూ స్ప్రే ఫినిషింగే కావాలంటున్నారు. కొత్త కంప్రెసర్ కొనే డబ్బు ఈ సీజన్‌లో లేదు. అందుకని పాత సామాన్లతో నేనే ఒకటి కట్టాను. 165 లీటర్ల పాత ఫ్రిజ్‌లోంచి తీసిన కంప్రెసర్, ట్యాంకుకి స్క్రాప్ షాపులో దొరికిన ఇంటి గ్యాస్ సిలిండర్, ఒక గేజీ, ఒక బాల్ వాల్వ్. అతుకులన్నీ తెలిసిన ఏసీ మెకానిక్ బ్రేజింగ్ చేసి పెట్టాడు. సబ్బు నురగ రాసి చూశాను, ఎక్కడా లీకు లేదు.

ఇప్పుడు బాధలు చెప్తాను. 7 కేజీల ప్రెషర్ ఎక్కడానికి 28 నిమిషాలు పడుతోంది. గన్ను నొక్కితే నిమిషంలో 3 కేజీలకి పడిపోతుంది, తలుపు రెక్క సగం కూడా కాదు. మధ్యలో ఆపి మళ్ళీ స్విచ్ వేస్తే కంప్రెసర్ మూలిగి టక్‌మని ఆగిపోతుంది. వీటన్నిటికంటే పెద్దది, నిన్న ఒక పూజగది తలుపుకి పీయూ (పాలీయురేథేన్ పాలిష్) టాప్ కోటు కొడితే ఆవగింజంత గుంటలు పడ్డాయి. గుంట మధ్యలో చెక్క కనిపిస్తోంది, చుట్టూ పాలిష్ గట్టులా లేచింది. మొత్తం గీకి మళ్ళీ కొట్టాలి, అవతల వాళ్ళ గృహప్రవేశం దగ్గర పడింది. ఇంకో ఫ్రిజ్ కంప్రెసర్ కూడా తగిలిస్తే సరిపోతుందా?

శీను_వైండింగ్
నీ జవాబు నీ ప్రశ్నలోనే ఉంది బ్రదర్. ఇంటి సిలిండర్‌లో నీళ్ళు పోస్తే 33 లీటర్లు పడతాయి. దాన్ని 7 కేజీలకి నింపాలంటే బయటి గాలి 33 × 7, అంటే 231 లీటర్లు లోపలికి తొయ్యాలి. 28 నిమిషాలతో భాగించు, నిమిషానికి 8 లీటర్ల చిల్లర వస్తుంది. పాలిష్ గన్ను చిన్నదైనా నిమిషానికి 120, 130 లీటర్లు తాగుతుంది. 7 నుంచి 3కి పడేలోపు నీ ట్యాంకు ఇచ్చేది 33 × 4 = 132 లీటర్లు. నిమిషంలో అయిపోతోందని నువ్వే రాశావు, అచ్చం సరిపోయింది. ఇంకోటి తగిలిస్తే 8 కాస్తా 16 అవుతుంది. గన్ను ఆగకుండా ఆడాలంటే పదిహేను ఫ్రిజ్‌లు కావాలి.

తెనాలి_టీకు
పదిహేనా! యూట్యూబ్‌లో ఒకాయన ఒక్కదాంతో బీరువాకి రంగు కొట్టి చూపించాడు అన్నా.

శీను_వైండింగ్
వీడియోలో 28 నిమిషాలు కట్ చేస్తారు కదా.

ఓరుగల్లు_కూలింగ్
నేను ఫ్రిజ్, ఏసీ పనే చేస్తాను. మూలుగుడు సంగతి ముందు చెప్తా. ఆ మోటారుకి మొదలయ్యేటప్పుడు బలం చాలా తక్కువ. ఫ్రిజ్‌లో అయితే ఆగిన తర్వాత అటు గ్యాసు, ఇటు గ్యాసు సన్న క్యాపిలరీ గొట్టంలోంచి నెమ్మదిగా సమానం అవుతాయి, అప్పుడే మళ్ళీ తేలిగ్గా తిరుగుతుంది. కరెంటు పోయి వచ్చాక స్టెబిలైజర్ కొన్ని నిమిషాలు ఆగి సప్లై ఇచ్చేది అందుకే. నీ దగ్గర పిస్టన్ నెత్తిన 7 కేజీలు కూర్చుని ఉంటే ఎలా లేస్తుంది? ట్యాంకుకీ కంప్రెసర్‌కీ మధ్య ఎన్నార్వీ (గాలిని వెనక్కి రానివ్వని వాల్వ్) పెట్టి, ఆగినప్పుడల్లా ఆ మధ్య పైపులో గాలి వదిలెయ్యాలి. ఇప్పుడు నువ్వు చేస్తున్నట్టే చేస్తే పది రోజుల్లో స్టార్టింగ్ రిలేనో మోటారు వైండింగో పోతుంది.

నూనె సంగతి. ఫ్రిజ్‌లో నూనె గ్యాసుతో కలిసి ఒక చుట్టు తిరిగి మళ్ళీ కంప్రెసర్‌లోకే వచ్చేస్తుంది. నీ దగ్గర బయటికి పోయింది మళ్ళీ వెనక్కి రాదు. ట్యాంకులోకి, అక్కణ్ణుంచి గన్నులోకి, అక్కణ్ణుంచి పూజగది తలుపు మీదికి పోతోంది. లోపల నూనె అయిపోయిన రోజు అది పట్టేస్తుంది.

ఇంకో మాట, ఇది చదివే మిగతావాళ్ళకి కూడా. పాత ఫ్రిజ్ పైపు కొయ్యబోయే ముందు వెనక స్టిక్కర్ చూడండి. ఆర్600ఏ అని ఉంటే అది ఐసోబ్యూటేన్, వంటగ్యాస్ జాతిదే. గదిలో కూర్చుని దాని మీద బ్రేజింగ్ మంట పెట్టొద్దు.

షార్జా_పెయింట్
ఆ గుంటలు నూనె వల్లే, అందులో అనుమానం లేదు. ఇక్కడ కార్ల పెయింటింగ్‌లో పద్నాలుగేళ్ళుగా ఉన్నాను, చూడగానే తెలిసిపోతుంది. ఒక పని చెయ్, తెల్ల కాగితం గోడకి అంటించి జానెడు దూరం నుంచి ఒక్క నిమిషం ఉత్త గాలి కొట్టు. తర్వాత కాగితాన్ని లైటుకి ఎదురుగా పట్టుకుని చూడు. పూరీ పెట్టిన పేపరులా మచ్చలు కనిపిస్తే ఆ గాలి పాలిష్‌కి పనికిరాదు.

గుంటల మీద మళ్ళీ కోటు కొడితే మూసుకుపోతాయని అనుకోకు. మొత్తం ఎండనిచ్చి, ఎమరీతో చెక్క దాకా దించి, థిన్నర్‌లో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి మళ్ళీ సీలర్ (చెక్క రంధ్రాలు మూసే మొదటి కోటు) నుంచి మొదలుపెట్టాలి. తుడిచే గుడ్డ తిప్పుతూ ఉండు, ఒకే ముఖంతో రుద్దితే నూనెని తలుపంతా పూసినట్టు అవుతుంది. గన్నుకి వచ్చే పైపు కూడా పారెయ్. రబ్బరు నూనె పీల్చుకుంటే నెలల తరబడి వదులుతూనే ఉంటుంది.

తెనాలి_టీకు
కాగితం పరీక్ష ఇప్పుడే చేశాను. మచ్చలు కావు, మధ్యలో అరచేతంత చోటు పసుపుపచ్చగా తడిసింది. వేలితో రాస్తే జిడ్డు.

ఓరుగల్లు_కూలింగ్
ఇక ఆ కంప్రెసర్ మీద ఆశ వదులుకో. స్క్రాప్‌లోనే కావాలంటే టన్నున్నర ఏసీ రోటరీది చూడు, నిమిషానికి 60, 70 లీటర్ల దాకా ఇస్తుంది. అయినా నీ గన్నుకి సగమే. నూనె గొడవ దానికీ ఉంటుంది.

డిపో_బాబాయ్
అందరూ గాలి గురించీ నూనె గురించీ రాస్తున్నారు. ట్యాంకు సంగతి ఒక్కరూ అడగరేం? అబ్బాయ్, గ్యాస్ సిలిండర్‌ని ట్యాంకు చేశానని ఒక్క ముక్కలో రాసి దాటేశావు. దానికి సేఫ్టీ వాల్వ్ పెట్టావా? ప్రెషర్ స్విచ్ పెట్టావా? నువ్వు రాసిన సామాన్లలో అవి లేవు. అంటే 7 కేజీలు వచ్చినప్పుడు నువ్వే చూసి స్విచ్ ఆపుతున్నావన్నమాట. ఫోన్ వచ్చి బయటికి వెళ్తే? ఆ ఫ్రిజ్ కంప్రెసర్ చూడ్డానికి చిన్నది, కానీ వదిలేస్తే 20 కేజీల పైకి కూడా తొయ్యగలదు. మెల్లగా తోస్తుంది, అంతే తేడా.

నేను ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. రోజూ గాలి ట్యాంకులతోనే పని. ఈ విషయం మీద ఎవరు అలుసుగా మాట్లాడినా నాకు గుండె దడ.

తెనాలి_టీకు
లేదు బాబాయ్ గారూ, సేఫ్టీ వాల్వ్ లేదు. గేజీ చూసి ఆపుతున్నాను. మా తమ్ముడు పక్కనే ఉంటాడు.

డిపో_బాబాయ్
ముందు ఆ ట్యాంకులో గాలి మొత్తం వదిలేసి ప్లగ్గు పీకి రా. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నల్లగొండ_సొంతపని
నేను ఒప్పుకోను. నా దగ్గర గ్యాస్ సిలిండర్ ట్యాంకే ఉంది, ఆరేళ్ళయింది. బైకుల షెడ్డు నాది, రోజూ వాడతాను. ఆ సిలిండర్‌ని కంపెనీలో 25 కేజీల దగ్గర పరీక్ష చేస్తారు, మనం పెట్టేది 7. మూడింతలకు పైన మార్జిన్ ఉంది. మీ డిపో బస్సుల గాలి ట్యాంకుకి కూడా అంత ఉండదు. భయపెట్టడం తేలిక, లెక్క కూడా చూడాలి కదా.

శీను_వైండింగ్
25 నిజమే. కానీ అది కొత్తగా ఉన్నప్పటి మాట.

డిపో_బాబాయ్
నల్లగొండ తమ్ముడు అడిగింది న్యాయమైన ప్రశ్నే, కాబట్టి పూర్తిగా చెప్తాను. సిలిండర్ రేకు కొత్తగా ఉన్నప్పుడు 3 మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూ. దాంట్లో ఉండేది పొడి గ్యాసు, కాబట్టి లోపల తుప్పు దాదాపు పట్టదు. మనం తోసేది గాలి. గాలిలో తేమ ఉంటుంది, నొక్కేసరికి నీళ్ళై అడుగున కూర్చుంటుంది. కృష్ణా తీరంలో వానాకాలం చెప్పక్కర్లేదు. సిలిండర్‌కి ఉన్న బెజ్జం పైన ఒక్కటే, అడుగున డ్రెయిన్ లేదు. అంటే ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి ఒకే చోట నిలబడి రేకుని తింటాయి. బయట ఎర్ర రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది.

గ్యాస్ కంపెనీ వాళ్ళు కూడా ఒకసారి పరీక్ష చేసి వదిలెయ్యరు. పట్టీ మీద ఏ, బీ, సీ, డీ అక్షరం, పక్కన సంవత్సరం ఉంటాయి చూడండి, ఏ అంటే జనవరి నుంచి మార్చి. అది మళ్ళీ పరీక్షకి పంపాల్సిన గడువు. స్క్రాప్‌కి వచ్చిన సిలిండర్‌ని ఎవరు పరీక్ష చేస్తారు? పైగా దొడ్డిదారిలో వచ్చింది కాకపోతే అది స్క్రాప్‌కి రాదు. సిలిండర్ మనకి డిపాజిట్ మీద ఇస్తారు, ఆస్తి కంపెనీదే. వేరే పనికి వాడటం చట్టప్రకారం కూడా తప్పు. ఇక డ్రెయిన్ కోసం అడుగున వెల్డింగ్ పెడదామనుకునేవాళ్ళు, లోపల మిగిలిన గ్యాసు ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

కళ్ళారా చూసింది ఒకటి చెప్తాను. హైవే పక్కన ఒక పంక్చర్ షాపు. సేఫ్టీ వాల్వ్ లీకవుతోందని దాన్ని తీసి బోల్టు బిగించారు. ఒకరోజు ప్రెషర్ స్విచ్ అతుక్కుపోయింది, మోటారు ఆగలేదు. ట్యాంకు అడుగు డిష్ (గుండ్రటి మూత) అతుకు దగ్గర విడిపోయింది. మేం ఆ రోడ్డు మీదే బ్రేక్‌డౌన్ బస్సు చూడ్డానికి వెళ్తున్నాం. షట్టరు రోడ్డు అవతల పడి ఉంది. పని చేసే కుర్రాడు టీకి వెళ్ళాడు కాబట్టి బతికాడు. ట్యాంకు ఉన్న చోట నేల మీద గుండ్రంగా సిమెంటు పెచ్చు లేచిపోయి ఉంది, అది ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. ఆ రేకు ముక్క చేత్తో పట్టుకుని చూశాను, అంచు దగ్గర గోరు మందం కూడా లేదు.

నల్లగొండ_సొంతపని
నేను నెలకోసారి తలకిందులు చేసి నీళ్ళు తీస్తాను.

డిపో_బాబాయ్
చేసినప్పుడు ఏ రంగులో వస్తాయి తమ్ముడూ?

లేత్_గుంటూరు
ట్యాంకు విషయంలో బాబాయ్ గారి మాటే నాది కూడా. మిగతా ఏదైనా పాతది వాడొచ్చు, మోటారు, హెడ్డు (గాలిని నొక్కే పిస్టన్ పంపు), పుల్లీ, బెల్టు, అవి పాడైతే ఆగిపోతాయి. ట్యాంకు పాడైతే అలా ఆగదు.

కదిరి_బోరు
ఇది చదువుతా ఉంటే మా కొట్టంలో పడున్న సామాను గుర్తొచ్చింది. మా పక్క ఉమ్మడి అనంతపురం జిల్లాలో సబ్‌మెర్సిబుల్ రాకముందు బోర్లన్నీ కంప్రెసర్ మోటార్లే. సన్న పైపులో గాలిని బోరు అడుక్కి తోస్తే, నీళ్ళు బుడగలతో కలిసి తేలికై పెద్ద పైపులో పైకొస్తాయి. భక్కు భక్కుమని గాలీ నీళ్ళూ కలిసి తొట్లో పడేవి. నీటి మట్టం కిందికి పోయాక అందరూ వాటిని పీకి పక్కన పెట్టేశారు. మా నాయనది రెండు సిలిండర్ల హెడ్డు, 3 హెచ్‌పీది, కోయంబత్తూరు సరుకు. పదిహేనేళ్ళుగా గోనెసంచి కప్పుకోని ఉంది. చేత్తో ఫ్లైవీల్ తిప్పితే ఇప్పటికీ తిరుగుతుంది. ఇలాంటివి సీమలోనూ తెలంగాణలోనూ ఊరికి నాలుగు దొరుకుతాయి. తెనాలి అన్నకి కావాలంటే ఇనుము రేటు ఇస్తే చాలు, ఆర్టీసీ కార్గోలో వేస్తాను.

శీను_వైండింగ్
ఇదీ దారి. తెనాలీ, వదులుకోకు.

తెనాలి_టీకు
కదిరి అన్నా, నిజంగా ఇస్తారా? నా దగ్గర పిండిమర నుంచి తీసిన 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు ఉంది, 1440 ఆర్‌పీఎం. 3 హెచ్‌పీ హెడ్డుని అది లాగుతుందా?

లేత్_గుంటూరు
లాగుతుంది, నెమ్మదిగా తిప్పితే. హెడ్డు తాగే పవర్ దాని స్పీడుతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. కదిరి అన్నా, మోటారు పుల్లీ ఎంత, ఫ్లైవీల్ ఎంత ఉండేదో కొలిచి చెప్పండి.

కదిరి_బోరు
ఫ్లైవీల్ 14 అంగుళాలు. పాత మోటారు పుల్లీ 7 అంగుళాల పైన ఒక గీత.

లేత్_గుంటూరు
అంటే అప్పట్లో 750 దగ్గర తిరిగేది, 3 హెచ్‌పీ. మనకి 2 హెచ్‌పీ కాబట్టి 500 దగ్గర తిప్పాలి. మోటారు పుల్లీ సైజుని 1440తో గుణించి 14తో భాగిస్తే హెడ్డు స్పీడు వస్తుంది. 5 అంగుళాల పుల్లీ వేస్తే 514. సరిగ్గా అదే కావాలి. గుంటూరు వస్తే నేనే తిప్పిస్తాను, బీ సెక్షన్ బెల్టులకి రెండు గాళ్ళది. కీ వే (పుల్లీ జారకుండా చీల దిగే గాడి) మాత్రం నీ మోటారు షాఫ్టు కొలత చూసి కొడదాం.

శీను_వైండింగ్
ఇంకా నెమ్మదిగా తిప్పితే మోటారుకి మంచిదే కానీ హెడ్డుకి కాదు. లోపల నూనెని కనెక్టింగ్ రాడ్ కింది చెంచా చిమ్ముతుంది, స్పీడు మరీ తగ్గితే గజన్ పిన్ను (పిస్టన్‌ని రాడ్‌కి కలిపేది) దాకా చిమ్మదు. 500కి ఏం ఫర్వాలేదు.

కరెంటు గురించి: 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మొదలయ్యేటప్పుడు మామూలుగా తీసుకునేదానికి ఐదారింతలు లాగుతుంది. షెడ్డుకి సన్న వైరు ఉంటే వోల్టేజ్ పడి కెపాసిటర్ కాలుతుంది. 4 స్క్వేర్ వైరు, విడి ఎంసీబీ, ఎర్తింగ్. ఎర్తింగ్ అంటే గోడకి మేకు కొట్టడం కాదు.

డిపో_బాబాయ్
ఇప్పుడు ట్యాంకు. లారీ బ్రేకుల గాలి ట్యాంకులు విజయవాడ ఆటోనగర్‌లో కొత్తవే దొరుకుతాయి. 40 లీటర్లవి రెండు తీసుకుని కలిపితే 80. అడుగున డ్రెయిన్‌కి బాస్ (మరలు కోసిన మందపాటి ముక్క) వెల్డింగ్ చేసే వస్తుంది, పైనా పక్కనా మరలు కోసిన బెజ్జాలు ఉంటాయి. మనం వెల్డింగ్ ముట్టుకోనక్కర్లేదు. లారీలో కూడా 7, 8 కేజీల దగ్గరే పని చేస్తుంది. పాతది కొంటే మాత్రం నీళ్ళ పరీక్ష చెయ్యకుండా వాడొద్దు.

తెనాలి_టీకు
పాతది ఒకటి పావు ధరకే ఇస్తానన్నాడు బాబాయ్ గారూ, బయట బాగానే ఉంది. నీళ్ళ పరీక్ష ఎలా చెయ్యాలి?

డిపో_బాబాయ్
ప్లంబర్ల దగ్గర చేతి టెస్టింగ్ పంపు ఉంటుంది, లైన్లు చూసేది. ట్యాంకుని బెజ్జం పైకి ఉండేలా నిలబెట్టి అంచు దాకా నీళ్ళు నింపు, లోపల చిన్న బుడగ కూడా మిగలకూడదు, అటూ ఇటూ ఊపి మళ్ళీ నింపు. తర్వాత పంపు తగిలించి, నువ్వు వాడబోయేది 8 అనుకుంటే దానికి ఒకటిన్నర రెట్లు, 12 దాకా ఎక్కించి అరగంట వదిలెయ్. ముల్లు కదలకూడదు, ఎక్కడా చెమ్మ రాకూడదు. నీళ్ళు నొక్కితే కుదించుకోవు, అందుకే చిల్లు పడినా కాస్త చిమ్మి ఆగిపోతుంది. ఆ పరీక్ష గాలితో ఎప్పుడూ చెయ్యొద్దు.

తెనాలి_టీకు
ఆదివారం చేశాం. ఏం జరిగిందో చెప్తాను. 6 దాకా ఏం లేదు. 9 దగ్గర ముల్లు ఎక్కినట్టే ఎక్కి వెనక్కి జారింది. పంపు లీకేమో అనుకున్నాం. మా తమ్ముడు కింద చూసి పిలిచాడు, ట్యాంకుని ఛాసిస్‌కి బిగించే పట్టీ ఉండే చోట, పెయింటు కింద నుంచి వెంట్రుకంత సన్నటి ధార అడ్డంగా చిమ్ముతోంది. స్క్రూ డ్రైవర్ మొనతో పెయింటు గీకితే పొర పొరలుగా తుప్పు లేచింది. చివరికి స్క్రూ డ్రైవర్ లోపలికి దిగిపోయింది. నేను చేత్తోనే నెట్టాను, సుత్తి కూడా వాడలేదు.

నేను ఆ సిలిండర్ పక్కన నాలుగు రోజులు నిలబడి పాలిష్ కొట్టాను. రాత్రి నిద్ర పట్టలేదు. కొత్తవి రెండు ఆర్డర్ చెప్పి వచ్చాను.

నల్లగొండ_సొంతపని
పై పోస్టు చదివాక నాది కూడా విప్పి చూశాను. తలకిందులు చేస్తే మొదట పాల టీ రంగులో నీళ్ళు, తర్వాత ఒక టీ గ్లాసు సగం దాకా నల్లటి పెచ్చులు. సెల్ టార్చ్ పెట్టి చూస్తే అడుగంతా గుంటలు. బాబాయ్ గారూ, మీరు రంగు అడిగినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇక వాడను. దీన్ని ఏం చెయ్యాలి?

డిపో_బాబాయ్
దగ్గర్లోని గ్యాస్ ఏజెన్సీలో అప్పజెప్పు. కోసి స్క్రాప్‌కి వెయ్యొద్దు. విప్పి చూశావు, అది చాలా మంచి పని తమ్ముడూ.

కదిరి_బోరు
హెడ్డు కార్గోలో వేశాను. పంపే ముందు విప్పి చూస్తే రీడ్ ప్లేట్ల (వాల్వు రేకుల) మీద మసి గట్టిపడి ఉండాది, డీజిల్‌లో నానబెట్టి తోమినా. రింగులు అరిగినాయి, అవి మార్చుకోండి, లేదంటే దీన్నుంచి కూడా నూనె వస్తుంది. ఫిల్టర్ స్పాంజి ఎలకలు తినేసినాయి.

షార్జా_పెయింట్
రింగులు కొత్తవి వేసినా పిస్టన్ కంప్రెసర్ కాబట్టి ఎంతో కొంత నూనె వస్తుంది. ఇక్కడి పెయింట్ షాపుల్లోనూ ఇవే వాడతాం, తేడా అంతా తర్వాత ఉండే లైనులోనే. హెడ్డు నుంచి వచ్చే గాలి చెయ్యి కాలేంత వేడి. వేడిగా ఉన్నంతసేపు నీళ్ళు ఆవిరిగానే ఉంటాయి, ఏ ఫిల్టరూ పట్టుకోలేదు. ముందు చల్లారాలి. హెడ్డుకీ ట్యాంకుకీ మధ్య రాగి పైపు చుట్టలు చుట్టి ఫ్లైవీల్ గాలి తగిలే చోట పెట్టు. ట్యాంకు నుంచి జీఐ పైపు కొంచెం వాలుగా గోడ వెంట తీసుకుపో, కొసన కిందికి ఒక మూర ముక్క దించి దాని అడుగున కాక్. గన్ను లైను పైపుకి పైభాగం నుంచి తియ్యి, కింద నుంచి కాదు. ఆఖర్న ఫిల్టర్ రెగ్యులేటర్.

ఇంట్లో మిగిలిన పీవీసీ పైపు మాత్రం వాడొద్దు. అది నీళ్ళ కోసం చేసింది, గాలి ప్రెషర్‌లో పగిలితే గాజు పెంకుల్లా ఎగురుతుంది.

ఓరుగల్లు_కూలింగ్
చుట్టలకి పాత ఏసీ రాగి పైపు నా దగ్గరలాంటి షాపుల్లో కేజీల్లెక్కన దొరుకుతుంది. అరంగుళంది తీసుకో, సన్నది వద్దు. లోపల ఏసీ నూనె ఉంటుంది, థిన్నర్ పోసి కడుగు.

నల్లగొండ_సొంతపని
హెడ్డులో ఏ నూనె పొయ్యాలి? నేను బండ్లకి పోసే 20డబ్ల్యూ40యే పోస్తున్నాను.

డిపో_బాబాయ్
కంప్రెసర్ నూనె అని 100 గ్రేడుది విడిగా దొరుకుతుంది. ఇంజిన్ నూనెలో మసిని కరిగించి పట్టుకునే మందు కలుపుతారు, అది నీళ్ళని కూడా పట్టుకుంటుంది, తెల్లగా మజ్జిగలా అవుతుంది. వేడికి వాల్వుల మీద మసి కూడా కడుతుంది.

లేత్_గుంటూరు
నేను ఇంజిన్ నూనెతోనే ఎనిమిదేళ్ళు నడిపాను, ఏం కాలేదు. ఇందులో బాబాయ్ గారితో ఏకీభవించను.

డిపో_బాబాయ్
గుంటూరులో నడిచింది కదా అని తెనాలిలో పాలిష్ తలుపు మీద పరీక్ష పెట్టలేం. లీటరు నూనె ఖర్చే, కొననీ.

తెనాలి_టీకు
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. అంతా బిగించాం. రింగులు, గాస్కెట్లు కొత్తవి. కొత్త ట్యాంకులు రెండూ నీళ్ళ పరీక్షలో 12 దగ్గర అరగంట కదలకుండా నిలబడ్డాయి. ప్రెషర్ స్విచ్ 5 దగ్గర ఆన్, 7 దగ్గర ఆఫ్. సేఫ్టీ వాల్వ్ 8కి, ట్యాంకుకే నేరుగా, మధ్యలో ఏ కాక్ లేకుండా. రింగు లాగి చూస్తే చెవులు చిల్లులు పడేలా వదిలింది, తమ్ముడు ఎగిరి పడ్డాడు.

సున్నా నుంచి 7కి 3 నిమిషాల 10 సెకన్లు.

ఒక్క చికాకు వచ్చింది. మోటారు ఆగాక ప్రెషర్ స్విచ్ కింద సన్న గొట్టంలోంచి ఫిస్స్‌మని వస్తోంది, ఆగట్లేదు, ట్యాంకు మెల్లగా ఖాళీ అవుతోంది.

శీను_వైండింగ్
ఒక సెకను ఫిస్స్‌మంటే మంచిది, అది హెడ్డు మీది ప్రెషర్ దించడం, మోటారు మళ్ళీ తేలిగ్గా లేవడానికి. ఆగకుండా వస్తే ఎన్నార్వీ సరిగ్గా మూసుకోవట్లేదు, ట్యాంకు గాలి వెనక్కి వస్తోంది. ట్యాంకు ఖాళీ చేసి ఎన్నార్వీ విప్పు, సీటు మీద టెఫ్లాన్ టేపు పోగో, రాగి పొడో ఇరుక్కుని ఉంటుంది.

లెక్క కూడా చెప్తాను: 80 × 7 = 560 లీటర్లు, 190 సెకన్లు. నిమిషానికి 177 లీటర్లు. గన్ను తాగేదాని కంటే ఎక్కువే.

తెనాలి_టీకు
టెఫ్లాన్ పోగే అన్నా! తెల్లగా చుట్టుకుని ఉంది. తీసేశాక ఒక్కసారి ఫిస్స్ అని ఆగిపోతోంది.

కాగితం పరీక్ష మూడు నిమిషాలు చేశాను, మచ్చ లేదు. పూజగది తలుపు మళ్ళీ సీలర్ నుంచి మొదలుపెట్టి నిన్న సాయంత్రం టాప్ కోటు కొట్టాను, రెండు రెక్కలూ గన్ను ఆపకుండా ఒకే వరసలో. గంటల వరస చెక్కిన చోట కూడా ఒక్క గుంట లేదు. పొద్దున ట్యాంకుల అడుగు కాక్ తిప్పితే అరగ్లాసు నీళ్ళు వచ్చాయి, తేటగా. రోజూ సాయంత్రం తియ్యడం తమ్ముడి పని. ఫోటో పెట్టాను, మోటారు ఆడే వీడియో కూడా.

కదిరి_బోరు
ఆ వీడియో మా నాయనకి చూపించినా. చూపు సరిగా ఆనదు ఆయనకి, ఫోను చెవి దగ్గర పెట్టుకోని విన్నాడు. "ఇది మన మోటరే కదరా" అన్నాడు. మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాడు.

తెనాలి_టీకు
అన్నా, మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఇనుము రేటు కాదు, ఆయన కూర్చోవడానికి ఒక టేకు కుర్చీ చేసి అదే కార్గోలో పంపుతాను.

డిపో_బాబాయ్
పని బాగుంది అబ్బాయ్. ఫోటో పెద్దది చేసి చూశాను. బెల్టుకి గార్డు ఏది? ఫ్లైవీల్ పక్కన నిలబడి ఉన్నది మీ తమ్ముడేనా, లుంగీలో?

తెనాలి_టీకు
వాడే బాబాయ్ గారూ. జాలీ కట్ చేసి ఉంది, వెల్డింగ్ రేపు పొద్దున. అది బిగించేదాకా మోటారు వెయ్యను. లుంగీ సంగతి వాడికి ఇప్పుడే చెప్పాను, ప్యాంటు వేసుకోవడానికి ఇంటికి వెళ్ళాడు.